రాహుకాలంలో చూపించిన అమ్మ

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. గొంతు పెంచి చెప్పగలిగిన సంగతి కాదు ఇది.

ఇప్పుడు ఆదివారం పొద్దున మన బెంగళూరు పేటలో చూడండి. టోపీలు పెట్టుకున్న పిల్లలు నీళ్ళ సీసాలు పట్టుకుని గుంపుగా నడుస్తుంటారు. ముందు ఒకమ్మాయి నిలబడి ఇది పాత కోట గోడ, ఇది ఫలానా వాకిలి అని వివరంగా చెబుతూ ఉంటుంది. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు సెలవునాడు కూడా తెల్లారకముందే లేచి అంత దూరం నుంచి వస్తారట, పాత రాళ్ళు చూడడానికి. మా మనవరాలు ఒకసారి వెళ్ళి వచ్చి, ఇదేదో కొత్త పని అన్నట్టు నాకు చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆ పని మా చిన్నమామ ఎప్పుడో చేసేవాడు. కాకపోతే ఆయన చూపించింది చరిత్ర కోసం కాదు, రాహుకాలం గడవడం కోసం.

మా అమ్మవాళ్ళది పేటలో జవుళి అంగడి. అనంతపురం, హిందూపురం, కడప వైపు నుంచి పెళ్ళివాళ్ళు పట్టుచీరలు కొనడానికి రైలెక్కి వచ్చేవాళ్ళు. మంచిదని చాలామంది శుక్రవారమే ఎంచుకునేవాళ్ళు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం పడుతుంది. పడిందంటే పన్నెండు దాకా ఎవరూ పెళ్ళిచీర మీద చెయ్యి వెయ్యరు. అంతసేపు వాళ్ళను ఊరికే కూర్చోబెడితే ఎదురంగడికి పోయి మడతలు విప్పించి చూసి వస్తారు. చూస్తే మనసు మారుతుంది. అందుకని మా చిన్నమామ రాహుకాలం పడగానే అంగడి మెట్లు దిగి, "రాండప్పా, ఇంత దూరం వచ్చి గోడలు చూస్తా కూర్చుంటారా, మా కోట చూస్తురు రాండి" అని అందరినీ వెంటబెట్టుకుని బయలుదేరేవాడు.

కోట వాకిలి, సగం కూలిన రాతిగోడ, గోడ వెనక పైకప్పు లేని మండపం, మండపం పక్కన వరసగా పాతిన పాత శిల్పాల రాళ్ళు. ఇదీ ఆయన తిప్పే దారి. ఆయన గొంతు చాలా మంచిది. వాకిలి దగ్గర ఏనుగులు తలుపును ఎలా కుమ్మాయో చెబుతుంటే ముసలివాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. పన్నెండు అయ్యేసరికి అందరూ మళ్ళీ మా అంగడి గడపలోనే ఉండేవాళ్ళు, కాళ్ళు నొచ్చి, దాహం వేసి, మామ మాటలకు మెత్తబడి. ఇక ఎదురంగడి గుర్తు కూడా వచ్చేది కాదు.

నాకు మాటలు సరిగా రాకముందే మా అమ్మ పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని దొడ్డబళ్ళాపురంలో మగ్గాల దగ్గరే ఉండిపోయాడు. నన్ను అమ్మమ్మే పెంచింది. అవ్వా అని పిలిచేదాన్ని. ఇంట్లో అందరూ నన్ను ముద్దుగానే చూసుకున్నారు గానీ అమ్మ మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నేను ఎత్తితే అవ్వ లేచి ఏదో ఒక పని మీద వంటింట్లోకి వెళ్ళిపోయేది. అమ్మ ఫోటో అంటూ ఒకటి ఉండేది కాదు. ఎలా ఉండేదో, ఎలా మాట్లాడేదో నాకు ఏమీ తెలియదు. పక్కింటి పిల్లలు మా అమ్మ కొట్టింది, మా అమ్మ తిట్టింది అని ఏడుస్తుంటే, ఆ ఏడుపు కూడా నాకు లేదే అనిపించేది.

ఒకసారి నేను అన్నం తినకుండా బాగా మొండికేశాను. అప్పుడు మా చిన్నమామ నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ మండపం దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి రాళ్ళలో ఒకదాని మీద ఒక స్త్రీ బొమ్మ ఉంది. మొహం అరిగిపోయి నున్నగా ఉంటుంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకెత్తి ఉంటుంది. ఆ చేతి గాజులు మాత్రం చెక్కినవి చెక్కినట్టే ఉన్నాయి. మామ నన్ను ఆ రాతి ముందు దించి, "మీ యమ్మ యాడికీ పోలేదు పాపా. ఈ రాతిలో కల్సిపోయి ఉండాది. చెయ్యి ఎత్తింది చూడు, నిన్నే పిలుస్తాండాది" అన్నాడు.

ఆ సాయంత్రం నేను అన్నం తిన్నాను.

అప్పటినుంచి వీలు చిక్కినప్పుడల్లా అక్కడికి పోయేదాన్ని. బడిలో జరిగినదీ, పన్ను ఊడినదీ, ఎవరితో పచ్చి చెప్పి మాటలు మానేసినదీ అన్నీ ఆ రాతికి చెప్పేదాన్ని. మొహం అరిగిపోవడం కూడా నాకు మంచిదే అయింది, నాకు నచ్చిన మొహం పెట్టుకునేదాన్ని. కొన్నిసార్లు రాతి మీద కొత్త రవికగుడ్డలు, పసుపు, కుంకుమ ఉండేవి. ఎవరు పెట్టారని అడిగితే మామ, "మీ యమ్మంటే అందరికీ ఇష్టం గదమ్మా" అనేవాడు. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. బడిలో అమ్మలున్న పిల్లలకు కూడా అలాంటి అమ్మ లేదు.

పెళ్ళివాళ్ళను తిప్పేటప్పుడు మామ నన్ను ఎన్నడూ వెంట తీసుకుపోలేదు. బడి ఉందనో ఎండగా ఉందనో ఏదో ఒకటి చెప్పేవాడు. ఒక వేసవి సెలవుల్లో కడప వైపు నుంచి ఒక పెళ్ళికూతురు, ఆమె పిన్నమ్మ, ఇంకొందరు చుట్టాలు వచ్చారు. ఆ పెళ్ళికూతురికి నేను ఎందుకో నచ్చాను. రాహుకాలం పడి అందరూ మెట్లు దిగుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఈ పాపను గూడా రానీన్నా" అంది. మామ ఒక్క క్షణం తటపటాయించాడు. కొనడానికి వచ్చిన మనిషి అడిగితే కాదనలేడు కదా.

దారిలో ఆ పిన్నమ్మ మామతో మాట్లాడుతూ, "తల్లి లేని పిల్లప్పా. ఇంత ఉన్నప్పుట్నుంచి నేనే సాకినా. చీర మాత్రం వంక పెట్టేట్టు ఉండకూడదు" అంది. ఆ మాట విన్నాక నేను ఆ అక్క చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నాలాంటిదే ఈమె కూడా అనుకున్నాను. మండపం దగ్గరికి పోగానే మా అమ్మను చూపిస్తాను, నీకు దిగులుగా ఉంటే మా అమ్మతో చెప్పుకో అంటాను అని దారి పొడవునా మనసులో మాటలు కూర్చుకున్నాను. అంతవరకు ఎవరికీ చూపించలేదు నేను. కోట వాకిలి దగ్గర మామ ఏనుగుల కథ చెబుతున్నాడు గానీ నా చెవికి ఎక్కలేదు.

మండపం చేరాం. నేను నోరు తెరిచేలోపల మామ ఆ అక్కను రాతి ముందుకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. సరిగ్గా నాకు చెప్పిన గొంతుతోనే, "మీ యమ్మ యాడికీ పోలేదమ్మా. ఈ రాతిలో కల్సిపోయి ఉండాది. చెయ్యి ఎత్తింది చూడు, నిన్నే పిలుస్తాండాది. పెళ్ళికూతురివి గదా, దీవిస్తాండాది" అన్నాడు.

ఆ అక్క బొటబొటా కన్నీళ్ళు కార్చింది. ముందుకు వంగి ఆ రాతిచేతి మీద తన చెయ్యి పెట్టింది. నేను ఎప్పుడూ పట్టుకునే గాజుల మీదే. పిన్నమ్మ కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మామ రెండు చేతులూ కట్టుకుని, తల వంచుకుని, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఎక్కడ తప్పుకోవాలో, ఎంతసేపు నిలబడాలో ఆయనకు బాగా అలవాటున్నట్టు నిలబడ్డాడు. అది చూశాకే నాకు అర్థమైంది. రవికగుడ్డలు ఎవరు పెట్టేవాళ్ళో, నన్ను ఎందుకు రానిచ్చేవాడు కాదో, అంతా ఒక్కసారే అర్థమైంది.

"అది మా అమ్మ" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. మళ్ళీ అన్నాను. మామ మొహం ఒక్కసారి నల్లబడింది. వెంటనే నవ్వేశాడు. "మా అక్క కూతురులేమ్మా. చిన్న పిల్ల, సుమ్నే, ఊరికే ఏందో ఒకటి అంటా ఉంటాది" అన్నాడు.

ఆ మాటే నన్ను కోసేసింది. అమ్మను ఇంకొకరికి చూపించినా ఓర్చుకునేదాన్నేమో. తనే నా చేతికిచ్చిన మాటను, నలుగురి ముందు నా పిచ్చిమాటగా చేసేశాడు.

ఆ అక్క నా ముందు కింద కూర్చుంది. "మీ యమ్మ గూడా లేదా పాపా?" అని మెల్లగా అడిగింది. నేను తల ఊపాను. ఆమె మామవైపు చూసింది, రాతివైపు చూసింది. కళ్ళు తుడుచుకుని లేచి, "పిన్నమ్మా, పోదాం పా. ఎండ కొడ్తాంది" అంది. అంతే.

బేరం మాత్రం ఆగలేదు. అంగట్లో మామ ఎన్ని చీరలు విప్పినా ఆ అక్క ఏదైనా సరే అంది. చివరికి పిన్నమ్మే ఎర్రంచు చీర ఒకటి ఏరింది. మామ అలవాటుగా ఒక రవికగుడ్డ మడతపెట్టి, పోతా పోతా ఆయమ్మకు పెట్టి పోండమ్మా అన్నాడు. ఆ అక్క దాన్ని వెనక్కి జరిపి, "మీరే పెట్టండన్నా. మీకు బాగా కావలసినామె గదా" అంది. పిన్నమ్మకు ఏమీ అర్థం కాక ఇద్దరి మొహాలూ చూసింది. పోయేటప్పుడు ఆ అక్క నా తల నిమిరింది. ఇద్దరమూ ఒకే చోట మోసపోయినవాళ్ళం.

సాయంత్రం మామ విప్పిన చీరలన్నీ మడతపెడుతుంటే ఎదురుగా పోయి నిలబడ్డాను. నాకెందుకు అలా చెప్పావని అడిగాను. "నువ్వు అన్నం తింటా లేకుంటివి. ఏందో ఒకటి చెప్పాల్సొచ్చె. తింటివి గదా?" అన్నాడు. మరి వాళ్ళకెందుకు అంటే, "వాళ్ళకూ మంచిదే గదమ్మా, మనసు చల్లబడ్తాది" అన్నాడు. అప్పుడు ఒకటే అడిగాను. "ముందు నాకు చెప్పినావా మామా, వాళ్ళకు చెప్పినావా?"

ఆయన చీర అంచులు రెండూ కలిపి పట్టుకున్నాడు. తర్వాత దాన్ని మడతపెట్టి, ఇంకొకటి అందుకున్నాడు.  ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు గానీ ఆ మాటకు ఎప్పుడూ జవాబు ఇవ్వలేదు.

అంగడి వెనకే మా ఇల్లు. అవ్వ లోపల వక్కలు కత్తిరిస్తూ ఇదంతా విన్నది. అడకత్తెర చేతిలో పట్టుకునే గడప దాకా వచ్చి, "చీరలు అమ్ముకోరా అప్పా. నా బిడ్డను అమ్ముకోవద్దు" అని కొడుకుతో అంది. అరవలేదు. నన్ను లోపలికి తీసుకుపోయి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏం కావాలో అడుగు, ఈసారి నేను లేచిపోను అంది.

ముందు అమ్మ ఆ రాతిలో ఉందా అని అడిగాను. లేదంది. ఆ బొమ్మ ఎవరిదని అడిగాను. ఎవరిదో తనకు తెలియదంది, మామకూ తెలియదంది. మరి మా అమ్మ ఎలా ఉండేదని అడిగాను. అవ్వ ఒక్కొక్కటే తలుచుకుని చెప్పింది. మా అమ్మకు కోపం ఎక్కువట. ఎంత చెప్పినా పులుసులో ఉప్పు ఒక పాలు ఎక్కువే వేసేదట. బట్టలు ఉతకాలంటే బద్ధకం, మాట్లాడాలంటే ఎక్కడలేని ఓపిక. నన్ను ఉయ్యాల్లో వేసి, చేతులతో ఊపకుండా పడుకునే కాలితో ఊపేదట. అది చూసి అవ్వ తిడితే, నీ మనవరాలికి కాలే ఇష్టం అనేదట. చెబుతూ చెబుతూ అవ్వ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. కానీ లేచిపోలేదు. రాతి మీద నేను పెట్టుకున్న మొహాలేవీ ఈమెకు సరిపోలేదు. ఈమె వేరే మనిషి. నాకు అమ్మ పోయిందని మొదటిసారి తెలిసింది ఆ సాయంత్రమే.

అప్పుడు అడిగాను, పోయేటప్పుడు నన్ను పిలిచిందా అని. అవ్వ నా మొహంలోకి చూసింది. అవునంటే నేను నమ్మేదాన్ని. అవునని చెప్పడం ఆమెకు చాలా సులువు కూడా. "లేదమ్మా. జ్వరంలో నోట మాట లేకుండె. ఎవర్నీ పిలవలా" అంది.

ఆ మాటకు ఎంత ఏడ్చానో. కానీ ఇంత వయసొచ్చాక చెబుతున్నాను, ఆ ఒక్క లేదు అన్న మాట వల్లనే మిగతాదంతా నమ్మాను. ఉప్పు నిజం, కోపం నిజం, ఉయ్యాల నిజం.

మా చిన్నమామ చెడ్డవాడు కాదు. నా పెళ్ళికి చీర తనే ఏరి, పెట్టె మోసుకుని అత్తవారింటి దాకా వచ్చాడు. నా పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు. అయినా ఆయన నాతో ఏ తీయని మాట చెప్పినా, ఇది ఇంకెవరికి చెప్పి ఉంటాడో అని లోపల వెతుక్కునేదాన్ని. ఆయన పోయే రోజు కూడా నా చెయ్యి పట్టుకుని, నువ్వు నా కూతురికన్నా ఎక్కువ అన్నాడు. నిజమే అయి ఉంటుంది. నేను నమ్మలేకపోయాను. ఆ నష్టం ఆయనదో నాదో ఇప్పటికీ తెలియదు.

నాతో మిగిలింది మాత్రం అవ్వ చెప్పిన ఆ జవాబు. మా ఆయన పోయినప్పుడు, తాత ఎక్కడికి పోయాడని మనవరాలు నన్ను అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు చుక్క అయ్యాడనీ దేవుడి దగ్గర ఉన్నాడనీ చెప్పమన్నారు. నాకు తెలియదమ్మా అన్నాను. ఎలా ఉండేవాడో అయితే తెలుసు, కూర్చో అని, ఆయన గురకతో మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆ పిల్ల ఏడ్చింది, నవ్వింది, నా ఒళ్ళోనే నిద్రపోయింది.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇంట్లో దీపం పెట్టే వేళకు అందరూ ఇల్లు చేరి ఉండాలి. మీ పిల్లలు అడగడానికి భయపడకూడదు, అడిగినప్పుడు మీరెవరూ లేచి వెళ్ళిపోకూడదు. పోయినవాళ్ళ మాట నవ్వుతూ చెప్పుకునే మంచి కాలం మీ గడపలో నిలిచి ఉండనీ.