వెనక్కొచ్చిన బంతిపూలు

నాకు స్థిమితం తక్కువ. ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఈ గుణం అమ్మ నుంచి వచ్చింది. ఊళ్లు తిరగాలని ఆవిడకు తెగ ఆశ. కానీ గుడివాడ దాటింది చాలా తక్కువ. నాన్నకు ప్రయాణాలంటే పడేది కాదు. ఆయన పోయాక అమ్మకు మోకాళ్లు సహకరించలేదు. అందుకే నేను హైస్కూల్లో పాఠం చెప్పడానికి తెచ్చుకున్న ప్రపంచపటం ముందేసుకుని కూర్చునేది. సముద్రంలో నీళ్లు ఎటు పోతాయో చూపించే ఎర్ర బాణాలూ నీలం బాణాలూ వేలితో తడుముతూ, "మన కాలవ నీళ్లు ఆఖరికి ఎక్కడ తేల్తాయే?" అని అడిగేది.

చెప్పేదాన్ని. కృష్ణ నీళ్లు సముద్రంలో పడ్డాక చలికాలంలో ఒడ్డు వెంట దక్షిణానికి దిగుతాయనీ, శ్రీలంకను చుట్టి అరేబియా సముద్రం వైపు మళ్లుతాయనీ, అక్కణ్ణుంచి కొన్ని ఆఫ్రికా పక్కగా దిగి ఆ కొసను కూడా దాటతాయనీ. ఎండాకాలమైతే బెంగాల్ వైపు పోతాయి.

"అయితే నన్ను కార్తీకంలోనే కలపండి, ఆఫ్రికా చూసొస్తాను," అని నవ్వేది. ఆ మాటకి నాకు ఒళ్లు మండేది.

కిందటేడు కార్తీకంలోనే వెళ్లిపోయింది. అన్నంత పనీ చేసింది.

అస్థికలు కలపడానికి అన్నయ్యా నేనూ హంసలదీవి వెళ్లాం, కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోటికి. రాహుకాలం చూసుకున్నాం, వర్జ్యం చూసుకున్నాం. సముద్రానికి పోటు ఎప్పుడో మాత్రం చూసుకోలేదు. మేం కాలవగట్టు మనుషులం. మా కాలవలో నీళ్లుంటే ఒకవైపుకే పోతాయి, లేకపోతే అసలే ఉండవు. పోటు సమయంలో ఏరు వెనక్కి నడుస్తుందని పిల్లలకు పాఠం చెప్పే నాకూ ఆ పూట తోచలేదు.

అన్నయ్య నడుములోతు నీళ్లలో కుండ వదిలి ఒడ్డెక్కాడు. ఇక వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. అది ఆచారం. నేను చూశాను. కుండ మునిగిపోయింది గానీ, దానికి కట్టిన బంతిపూల దండ ఊడి, సముద్రం వైపు కాకుండా ఎగువకు వస్తోంది.

"అన్నయ్యా, పూలు వెనక్కొస్తున్నాయి."

"చూడకూడదే. పద, ఇంటి దగ్గర అందరూ ఎదురుచూస్తుంటారు."

"అమ్మ మళ్లీ ఇంటికే వచ్చేస్తోంది."

అన్నయ్య మొహం తిప్పుకుని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "పోటు తీస్తే అవే పోతాయిలే," అని కారులో కూర్చున్నాడు.

నేను కదల్లేదు. దండ మడచెట్ల వేళ్లకు తగులుకుంది. ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. చీర కుచ్చిళ్లన్నీ బురదే. ఇన్నేళ్లూ నాలుగు గోడల మధ్య మగ్గిన మనిషి ఇప్పుడైనా వెళ్లొద్దా? "కదలమ్మా, వెళ్లమ్మా," అని గొణుగుతున్నాను. అన్నయ్య హారన్ కొట్టాడు. వినపడనట్టే ఊరుకున్నాను.

ఎండ నెత్తి మీదికొచ్చాక నీళ్లు ఆగాయి. కాసేపు ఎటూ పోలేదు. ఆ తర్వాత చెట్ల వేళ్ల మీద తడి చార బయటపడింది. నీరు తీస్తోంది. దండ విడివడి, ఉన్నచోటే ఒకసారి గుండ్రంగా తిరిగి, సముద్రం వైపు సాగింది. మొదట నెమ్మదిగా, తర్వాత నా నడకకు అందనంత జోరుగా.

పొద్దున్నుంచీ తొందరపెట్టింది నేనే. అయినా మోకాళ్లలోతు నీళ్లలోకి పరుగెత్తాను.

"కాసేపుండమ్మా," అన్నాను.