నీళ్ళు పోయకూడని ఇరవై కుండీలు

జీవశాస్త్రాల భవనం వెనకాల ఉన్న గాజుగదిని ఊడ్చేదీ తుడిచేదీ, అక్కడి మొక్కలకు నీళ్ళు పోసేదీ ఒకావిడే. పద్దెనిమిదేళ్ళుగా కాలేజీ పిల్లలంతా ఆవిడను అత్తా అని పిలుస్తున్నారు. మొదట ఎవరు పిలిచారో ఎవరికీ గుర్తు లేదు. "కన్నది లేదు, పెంచింది లేదు. ఏటా ముప్పైమంది మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ పుట్టుకొస్తారు నాకు" అని నవ్వుతుందావిడ.

ఆఖరి ఏడాది పిల్లలు ప్రాజెక్టులంటూ వచ్చి మీద పడతారు. ఒకడు వానపాములంటాడు. ఒకతె రొట్టె మీద బూజంటుంది. ఇంకొకడు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, అందులో ఏమేం బతుకుతున్నాయో లెక్క తేలుస్తానంటాడు. నాలుగు నెలలు అత్తా మట్టి, అత్తా సీసాలు, అత్తా బల్ల తుడువు అని ప్రాణం తీసేస్తారు. తర్వాత అట్ట వేసిన పుస్తకమొకటి ప్రాజెక్టులు చూసే మేడమ్ బల్ల మీద పెట్టి ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఏం తేలిందో మాత్రం అత్తకు ఒక్క పుణ్యాత్ముడూ చెప్పడు. వానపాములున్న మట్టిలో మొక్క నిజంగానే ఏపుగా పెరిగిందా? ఆ బూజు చచ్చిందా, బతికిందా? అడుగుదామని నోటిదాకా వస్తుంది. నీకెందుకత్తా అంటారేమోనని మింగేసుకుంటుంది.

ఆవిడకెందుకంటే, కారణం ఉంది. పదో తరగతిలో మందార పువ్వును నిలువునా కోసి బొమ్మ గీయమంటే, సైన్సు టీచరు క్లాసంతటికీ ఈవిడ బొమ్మే ఎత్తి చూపించింది. ఆ ఏడే తల్లి మంచం పట్టింది. వెనక ముగ్గురు చిన్నవాళ్ళు. ఒక్క ఏడాది ఆగి చదువుకుందువుగానిలే అన్నారు ఇంట్లో. ఆ ఒక్క ఏడాది ఇప్పటికీ అయిపోలేదు.

ఈసారి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఉంది. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అడుగుతుందని తోటివాళ్ళు సందేహం అని పేరు పెట్టారు. ఆ అమ్మాయి ప్రాజెక్టు మిరప మొక్కల మీద. నలభై కుండీలు. ఇరవైటికి రోజూ నీళ్ళు పోయాలి. మిగతా ఇరవైటికి పన్నెండు రోజులు చుక్క కూడా పోయకూడదు. రోజూ పొద్దున పదింటికి ఒక్కో మొక్కనూ చూసి నోటుబుక్కులో అంకె వేయాలి. నిటారుగా ఉంటే సున్నా, పూర్తిగా సోలిపోతే అయిదు. నీటి ఎద్దడిని ఏ మొక్క ఎన్నాళ్ళు తట్టుకుంటుందో తేల్చడమే పని.

మూడో రోజున అమ్మాయి అక్కకు నెల తక్కువగానే నొప్పులొచ్చాయని కబురొచ్చింది. వెళ్ళక తప్పదు. తోటివాళ్ళెవరి గొడవ వాళ్ళది. అమ్మాయి అటూ ఇటూ చూసి చూసి, చీపురు పట్టుకుని నిలబడ్డ అత్త దగ్గరికొచ్చింది.

"అత్తా, నేనొచ్చేదాకా అంకెలు నువ్వు వేస్తావా?"

అత్త చీపురు గోడకు ఆనించి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అప్పుడు అందుకుంది నోటుబుక్కు.

మర్నాడు పదింటికి ఒక్కో కుండీ ముందు వంగి, ఆకు ఆకూ చూసి నలభై అంకెలూ వేసింది. 'చూసినవారు' అన్న గడిలో తన పేరు రాసింది. రాసి, కాస్త వెనక్కి జరిగి మళ్ళీ చూసుకుంది. అబ్బ, ఎంత బాగుందో!

ఇంటికెళ్ళి చెబితే దర్జీ మొగుడు మిషను ఆపకుండానే, "అయితే డిగ్రీ ఎప్పుడిస్తారట?" అన్నాడు.

"నోరు మూసుకుని కాజాలు కుట్టవయ్యా" అంది కానీ, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మొగుడు కిక్కురుమనకుండా తిన్నాడు.

ఆవిడ కోరిక ఒక్కటే. అమ్మాయి తిరిగొచ్చాక కూడా ఆ పని తన చేతిలోనే ఉండాలి. ప్రాజెక్టు అయ్యేదాకా, ఏం తేలిందో తెలిసేదాకా.

తొమ్మిదో రోజు సాయంత్రం జరిగింది జరగకూడనిది. నీళ్ళ కుండీలన్నిటికీ పోసేసి, మగ్గుతో వెనక్కి తిరిగింది. పదిహేడో నంబరు మొక్క ఎదురుగా ఉంది. మొలకప్పుడే అర్భకంగా ఉంటే, పుల్ల కట్టి నిలబెట్టింది ఆవిడే. ఇప్పుడు తల వేలాడేసి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా వాడిన మొక్క కనబడితే నీళ్ళు పోయడమే తెలిసిన చెయ్యి అది. మగ్గు వంగింది. అర మగ్గు నీళ్ళు మట్టిలోకి ఇంకిపోయాకగానీ మగ్గు ఎత్తలేదు. అయ్యో, ఏం పని చేశాన్రా దేవుడా!

పొద్దున్నకల్లా పదిహేడు తలెత్తి నిలబడింది. నిన్న అయిదు వేసిన మొక్కకు ఇవాళ ఒకటి వేసింది అత్త. కళ్ళు చూసింది రాసింది. చెయ్యి చేసింది రాయలేదు. రాస్తే నోటుబుక్కు పోతుందని భయం. చిన్నదా ఆ భయం?

పదకొండో రోజున అమ్మాయి దిగింది. అక్కకు ఆడపిల్లట, ఇద్దరూ క్షేమమట. ఆ కబుర్లు చెబుతూనే కుండీల వైపు చూసి ఆగిపోయింది. పంతొమ్మిది మొక్కలు సోలిపోయి ఉన్నాయి. నడుమ ఒక్కటి నిటారుగా! గబగబా నోటుబుక్కు తిప్పి దాని అంకెలు చూసింది.

"అత్తా! చూశావా దీన్ని! చుక్క నీళ్ళు లేకుండా మళ్ళీ లేచింది! దీని విత్తనాలు తీయాలత్తా. మళ్ళీ వేయాలి. వాటికీ ఇదే గుణం వస్తే..." అమ్మాయికి ఊపిరాడటం లేదు. "ఈసారి కూడా మనిద్దరమే చూద్దాం. రిపోర్టులో నీ పేరు వేస్తాను. చూసినవారు అని, నా పేరు పక్కనే."

పదో తరగతి నుంచీ ఆవిడ ఎదురుచూసిన మాట అదే. ఊ అంటే చాలు. మొక్క చెప్పదు కదా. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూస్తే చెప్పబుద్ధి కాలేదు. ఈ అబద్ధపు మొక్కను పట్టుకుని ఆ పిల్ల ఎన్నేళ్ళు తిరుగుతుందో అన్న ఆలోచన వచ్చాక మాత్రం ఆగలేకపోయింది.

"దానికి నేను నీళ్ళు పోశాను తల్లీ. మొన్న సాయంత్రం. అర మగ్గు."

అమ్మాయి నోటుబుక్కు మూసింది. తర్వాత వెళ్ళి మేడమ్‌ను పిలుచుకొచ్చింది. మేడమ్ చెడ్డ మనిషేం కాదు, గొంతు కూడా పెంచలేదు. "చెప్పి మంచి పని చేశారమ్మా. కానీ ఒక కుండీకి పోశాక, మిగతావాటికి పోయలేదని పరీక్షకొచ్చినవాళ్ళను ఎలా నమ్మించను? ఈ కుండీలన్నీ తీసేయాల్సిందే. ఇకమీదట అంకెలు అమ్మాయే వేస్తుంది. మీరు నీళ్ళ కుండీలు చూసుకోండి." అత్త వేసిన అంకెలన్నిటి మీదా అమ్మాయి చేతే అడ్డంగా గీత గీయించింది. పేరు మీద కూడా.

కొత్త కుండీలు, కొత్త మొలకలు, మళ్ళీ మొదటి నుంచీ. అమ్మాయి ఆదివారాలు కూడా వచ్చింది. అత్తతో ఎప్పటిలాగే మాట్లాడింది, అక్క కూతురి ఫొటోలు చూపించింది. అత్త నవ్వింది. ఊడుస్తూ ప్రతి కుండీనీ ఓరకంట చూస్తూ ఒకటి, రెండు, నాలుగు అని లోపల్లోపలే అంకెలు వేసుకుంటూ పోయేది. మానుకుందామన్నా కళ్ళు వినవు.

తొమ్మిదో రోజున ఆరో కుండీ దగ్గర అమ్మాయి పెన్ను ఆగింది. వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. ఎటూ తేల్చుకోలేకపోతోంది. వెనక నిలబడ్డ అత్తకు ఇక పట్టలేదు.

"అమ్మాయ్, ఆ ఒక్కటీ నేను వేయనా? నీ కళ్ళ ముందే వేస్తాను. ఒక్కటంటే ఒక్కటి."

అమ్మాయి తలెత్తింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా నోటుబుక్కు గుండెలకు దగ్గరగా పట్టుకుంది.

"వద్దత్తా. అది నీ అంకె అవుతుంది. మిగతావన్నీ నావి. రెండూ కలపకూడదు."

ఆ నోటుబుక్కు అత్త చేతిలో ఉండి, అడిగేది ఇంకెవరైనా అయ్యుంటే, తనూ ఇదే మాట అనేది. అక్షరం పొల్లుపోకుండా ఇదే అనేది.

"సరిగ్గా చెప్పావు" అంది.

అమ్మాయి మళ్ళీ వంగి చూసి, "మూడు" అనుకుంటూ రాసుకుంది. అత్త కూడా మూడే అనుకుంది. ఆ మాట పైకి అనలేదు.