గుమ్మడికాయకు ఆనిచ్చిన ట్యాబు

మొన్న ఆదివారం నా ట్యాబును నేనే వేలంలో పాడుకున్నానప్పా! నవ్వాకండి. నా వస్తువే, నేను పెట్టిందే, మళ్లీ నేనే దుడ్లు కట్టి ఇంటికి తెచ్చుకున్నా. ఎట్లనో చెప్తా, టీ చల్లారేలోపు అయిపోతాది.

మాది ఆలూరు పక్కన పల్లె. చర్చిలో పాట ఎత్తేది నేనే. ఒట్టి గొంతుతో పాడితే నాకు పాడినట్టే ఉండదు, చుట్టూ గజ్జెల మాదిరి రేకులుండే టాంబరిన్ మోగాల! ఎడమ చేతిలో పాటల పుస్తకం, కుడి చేతిలో టాంబరిన్. తొడకేసి ఒక దెబ్బ, గాల్లో ఒక విసురు. అది గల్లుగల్లుమంటాంటే వెనక బెంచీలో కునికేవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టేవాళ్లు.

తర్వాత కండ్లు మసకేసినాయి. పుస్తకం కనపడదు. ఫోనులో అక్షరం పెద్దది చేస్తే సగం లైనే కనపడతాది, మిగతా సగం వేలితో తోసుకోవాల. నేను తోసుకుంటాంటే జనమంతా ఊపిరి బిగబట్టుకోని నన్నే చూస్తాండేవాళ్లు. అది చూసి మా కూతురు ట్యాబు కొనిచ్చింది. అక్షరాలు శానా బాగుండాయి! అయితే ఆ సైజేందప్పా, చాటంత! రెండు చేతులూ దానికే సరి. టాంబరిన్ పోయి గోడ మేకుకు ఎక్కింది. రోజూ దాని కిందే కూర్చోని అన్నం తింటా. ఫ్యాను గాలికి అది కొంచెం గలగలమన్నాదంటే, తినేది ఆపి దాన్నే చూస్తాంటా.

మా మేనల్లుడు ప్రవీణు కర్నూల్లో సెల్ షాపులో పని చేస్తాడు. వానికి ఫోను మీద ఫోను.

"ఏమిరా, నా ట్యాబు కంపెనీవాళ్లు చిన్నది తీసినారా?"

"ఇంకా లేదు మామా. వస్తాదని కొందరు, రాదని కొందరు. అందరూ పెద్దదే అడుగుతాండారంట."

"అందరూ అంటే ఎవురురా? నన్నడిగినారా?"

"పోనీ పెద్ద ఫోను తీస్కో మామా, ఇంచుమించు అంతే ఉంటాది."

"పాట మధ్యలో ఆ సామేలు ఫోను చేస్తే? వద్దురా సామీ."

సామేలంటే నా బామ్మర్ది. ఆదివారం ఆరాధన టైములోనే వానికి నాతో పని పడతాది!

నేనేం పెద్ద కోరిక కోరినానా? అరచేతిలో ఇమిడేది, నా కంటికి ఆనేది ఒకటి. అది వచ్చిన రోజే కొనాలని ఉల్లిగడ్డలు అమ్మిన దుడ్లలో కొంచెం కొంచెం తీసి జేబులోనే దాచుకుంటా వచ్చినా.

మొన్న ఆదివారం మా చర్చిలో కోత పండగ. ఎవురి పంట వాళ్లు తెచ్చి ముందర బల్ల మీద పెడతారు. ఆరాధన అయినాక అవన్నీ వేలం, వచ్చింది చర్చికి. బల్ల మీద పెట్టినాక ఏదైనా దేవునిదే. మళ్లీ కావాలంటే తెచ్చినోడైనా పాడుకోవాల్సిందే. అది మా తాతల నాటి కట్టడి.

పొద్దున మా చేని గుమ్మడికాయ కడుగుతాంటే తట్టింది నాకు. టాంబరిన్ దించుకున్నా.

"అదెందుకిప్పుడు?" అన్నాది మా ఇంటామె సుగుణమ్మ.

"చూస్తాండు!"

బల్ల మీద గుమ్మడికాయ పెట్టి, దానికి ట్యాబు ఆనిచ్చినా. ఎంత చక్కగా నిలబడిందో! స్క్రీను ఆరిపోబోతే చిటికెన వేలితో ఒక తాకు. ఇంక చేతులు రెండూ నావే! ఒక పాట పాడమంటే మూడు పాడినా. పాస్టరు అయ్యగారే కాలు ఆడించినాడు. అయినాక మగోళ్లంతా "ఏమప్పా దేవదానం, పాత దేవదానం వచ్చినాడే!" అని భుజాల మీద చేతులేసి షామియానా కిందికి టీకి తీస్కపోయినారు. ఆ పొగడ్తలకు నాకు ఇల్లే గుర్తు లేదు, ఇంక ట్యాబేం గుర్తుంటాది?

లోపల నుంచి "ఒకటోసారి!" అని వినపడింది. తొంగి చూస్తే సంఘపెద్ద యోనా మామ చేతుల్లో నల్లగా మెరుస్తా నా ట్యాబు!

"ఓ మామా! అది నాది!"

"యాడ పెట్టినావు?"

"గుమ్మడికాయకు ఆనిచ్చినా."

"గుమ్మడికాయ యాడుండాది?"

"బల్ల మీద."

"అయితే దేవునిది. కావాలంటే పాడుకో."

అయ్యగారి పక్క చూసినా. ఆయన నవ్వాపుకుంటా, పైన వానకు కారే చర్చి రేకుల పక్క చూసినాడు.

సరేనని నేనో రేటు చెప్పినా. వెనక నుంచి ఎవురో పెంచినారు. నేను పెంచితే వాడూ పెంచె. తిరిగి చూస్తే సామేలు!

"నీకెందుకురా ట్యాబు?"

"నీకు చిన్నది కావాల కదా బావా! పెద్దది నాకు ఇడిసిపెట్టు!"

చర్చి అంతా గొల్లుమన్నాది. ఆడోళ్ల పక్క నుంచి సుగుణమ్మ లేచింది. "ఒరే సామేలూ, మా ఇంటి గడప తొక్కుతావు కదా, అప్పుడుంటాది నీకు!" వాడు టక్కున కూర్చున్నాడు. కూర్చున్నాడు గానీ, అప్పటికే రేటు యాడికో పోయుండాది. చిన్న ట్యాబుకని దాచిందంతా యోనా మామ చేతిలో పోసి, పెద్ద ట్యాబు చంకన పెట్టుకున్నా.

దోవలో సామేలు ఊరికే ఉంటాడా?

"బావా, కంపెనీవాళ్లు చిన్నది తీయకపోవడమే మేలప్పా. అంత చిన్నదైతే టమోటా గంపలో కలిసిపోయి, ఎవురో కూరకని పాడుకోని పోయుందురు."

"చిన్నదైతే నా చేతిలోనే ఉంటాండె కదరా! బల్ల మీదికి ఎందుకు పోతాది?"

వాడు తల గోక్కుంటా వాళ్ల సందులోకి మళ్లినాడు. అయితే గెల్చి ఏం లాభం? ఇంకోసారి ట్యాబును బల్ల మీద పెట్టే ధైర్యం నాకు లేదు, టాంబరిన్ మళ్లీ మేకుకే ఎక్కింది. దాని కింద కూర్చోని కంచం ముందర పెట్టుకుంటినో లేదో, ప్రవీణు ఫోను.

"మామా! ఈసారి గట్టిగా అంటాండారు! చిన్నది తొందర్లోనే వస్తాదంట!"

ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిన మాటప్పా అది! తల పైన టాంబరిన్ గల్లుమన్నాది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పోయింది పోయినట్టే ఖాళీగా తిరిగొచ్చింది.

"ఒరే ప్రవీణూ, ఆ కంపెనీలో నీకు తెలిసినోళ్లు ఎవురన్నా ఉండారా?"

"ఏం మామా, బిరీన పంపించమని చెప్పాల్నా?"

"కాదురా నాయనా. మళ్లీ నేను ఉల్లిగడ్డలు పీకేదాకా ఆగమని చెప్పు!"