డిస్కుకు కట్టిన తాడు

రేపల్లె దగ్గర మా రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడానికి, బాపట్ల బీచ్‌లో తిప్పిన పాత ఏటీవీ, అదే నాలుగు లావు చక్రాల బండి, ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి బ్రేకు నొక్కానో లేదో హ్యాండిల్ గజగజ వణికింది. చూస్తే ముందు చక్రానికి బ్రేకు పట్టే డిస్కు వంకరపోయి ఉంది. అమ్మినవాణ్ణి ఫోన్‌లో నానా మాటలూ అన్నాను. "మా దగ్గర బానే ఉందండి, ఒట్టు," అన్నాడు. నేను నమ్మితేగా!

బావమరిదిని వెంటబెట్టుకుని బండిని ట్రాలీ ఆటోలో తెనాలి తీసుకెళ్లాను. మెకానిక్ డిస్కు విప్పి, "తాడు ఒరుసుకుందండి. దీనికి కట్టి లాగారా ఏంటి?" అన్నాడు.

బావమరిది వంక చూశాను. బాపట్లలో బండిని ఆటోకెక్కించి, గడ్డిమోపు బిగించినట్టు తాడులో కర్ర దూర్చి మెలితిప్పింది ఆయనగారే. "కదలకూడదనే కట్టాను బావా," అన్నాడు, అదేదో ఘనకార్యంలా. పళ్లు నూరుకుంటూ కొత్త డిస్కు వేయించాను.

టీ తాగి వచ్చేసరికి బండి మళ్లీ ఆటోలో ఉంది. తాడు మళ్లీ డిస్కులోంచే దూర్చి ఉంది.

"పాతది కాబట్టి వంగింది బావా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఇది కొత్తదిగా, ఆగుద్ది. అందుకే ఇంకో రెండు మెలికలు ఎక్కువేశాను."