జ్ఞానప్రసూన గారి గోడ

జ్ఞానప్రసూన గారు వాషింగ్టన్‌లో ముప్ఫై ఐదేళ్ళు భవనాలకి లెక్కలు వేశారు. ఎంత బరువుకి ఎంత ఇనుము, ఎంత ఎత్తుకి ఎంత మందం గోడ, అదీ ఆవిడ పని. కాకినాడలో ఇంజనీరింగ్ చదివినప్పుడు క్లాసుకంతటికీ ఆవిడ ఒక్కరే ఆడపిల్ల. ఎవరూ అడక్కముందే లేచి జవాబు చెప్పే అలవాటు అప్పటిది. అది చివరిదాకా పోలేదు.

భర్త గౌరీశంకర్ గారు పగలు ఆర్కిటెక్టుల ఆఫీసులో డ్రాయింగులు గీసేవారు, సాయంత్రం గరాజ్‌లో రంగు గాజు పలకలు చితక్కొట్టి, ఆ ముక్కలతో బొమ్మలు కూర్చేవారు. కొత్త ప్రభుత్వ భవనం కడితే ఖర్చులో కొంత కళకి తీసిపెట్టే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి కింద, ఎనభై ఆరులో, ఒక ఏడంతస్తుల ఆఫీసు లాబీ గోడకి బొమ్మ కూర్చే పని పోటీలో ఆయనకి దక్కింది. ఆ భవనానికి లెక్కలు వేస్తున్నది జ్ఞానప్రసూన గారే.

"ఈ ఊళ్ళో విగ్రహాలన్నీ గుర్రాలెక్కినవాళ్ళవే, జ్ఞానం. బస్సు కోసం నిలబడ్డవాడి బొమ్మ ఒక్కటీ లేదు," అన్నారాయన.

ముప్ఫై అడుగుల పొడవునా వాళ్ళనే కూర్చుదామనుకున్నారు: మంచులో నిలబడ్డ గుమాస్తాలు, ఆఫీసులు తుడిచే ఆడవాళ్ళు, చెప్పులు తడిసి ఒంటికాలిమీద గెంతుతున్న ఒక ముసలాయన. బొమ్మని విడి పలకలమీద అతికించి, స్క్రూలతో గోడకి బిగించాలని ఆయన ఆలోచన.

"స్క్రూలు తుప్పు పడతాయండీ. పదేళ్ళకి ఎవరి నెత్తిమీదో ఊడిపడుతుంది," అన్నారు జ్ఞానప్రసూన గారు. "గోడకే ఇనప వల కట్టిస్తాను. దానిమీద సిమెంటు, ఆ సిమెంటులో మీ గాజు. గోడ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది."

"గోడే పోతే?"

"నేను నిలబెట్టిన గోడా? ఎక్కడికి పోతుంది, వాకింగ్‌కా?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఇంట్లో గోడల సంగతి వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వి ఊరుకునేవారు.

ఆయన పోయిన రెండేళ్ళకి ఆ భవనాన్ని అమ్మేశారు. కొన్నవాళ్ళు లాబీలోకి వెలుతురు రావాలని ఆ గోడని చాలామటుకు కొట్టేయబోతున్నారు. చెడ్డవాళ్ళేం కాదు. బొమ్మని తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళమని ఉత్తరం రాశారు. కూతురు రష్మి తిరిగి తిరిగి, దానికి చోటిచ్చే చిన్న మ్యూజియం ఒకటి వెతికిపెట్టింది. బొమ్మని విడదీసే నిపుణురాలు వచ్చి, రెండు రోజులు గోడని తట్టి చూసింది. గాజు, సిమెంటు, కాంక్రీటు ఒకే ముద్దయిపోయాయని, ఎక్కడ ఊడదీసినా పొడి తప్ప ముక్క రాదని చెప్పింది. ఇంత బాగా పట్టిన పని తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుంది కూడా.

ఆ మెప్పు విన్న రోజు జ్ఞానప్రసూన గారు అన్నం తినలేదు.

తర్వాత వారం కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఇంజనీరు దేవ్ ఫోన్ చేశాడు. పాత డ్రాయింగులు ఎక్కడా దొరకట్లేదట. ఊరి శివార్లలో, షాంటిలీలో ఉన్న ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అవి ఉన్నాయి. రష్మి కార్లో వాటిని పట్టుకుని ఆవిడే వెళ్ళారు.

లాబీ ఖాళీగా ఉంది. బొమ్మ ముందు ఇనప పరంజా వేసి ఉంది.

"ఆంటీ, స్కాన్ చేశాం. వెనకాల ఆ మెష్ ఉంది కదా, దాంతో అంతా బ్లర్. మెయిన్ స్టీల్ ఎక్కడుందో కనిపించట్లేదు," అన్నాడు దేవ్. "రాంగ్‌గా కట్ చేస్తే పైన స్లాబ్ కిందకి వస్తుంది. క్రూ కిందే ఉంటారు."

"మా అమ్మనే అడుగుతున్నారా ఇది?" అంది రష్మి. "ఆర్ యూ సీరియస్?"

"సారీ అక్కా. ఇంకెవర్ని అడగను?"

జ్ఞానప్రసూన గారు డ్రాయింగు నేలమీద పరిచి, మోకాళ్ళమీద వంగి చూశారు. నిజానికి చూడక్కర్లేదు. ఆవిడకి అన్నీ గుర్తే.

"మార్కర్ ఇవ్వు, బాబూ," అన్నారు.

"అమ్మా, నువ్వెందుకు? నోటితో చెప్పు, అతను గీస్తాడు."

"చెబితే రెండంగుళాలు అటూ ఇటూ గీస్తాడే. మనుషులుంటారు కింద."

దేవ్ చెయ్యి పట్టుకుని పరంజా ఎక్కించాడు. ఆవిడ టేపు పట్టి కొలిచి, ఒకచోట వేలు ఆన్చారు. అక్కడ ఒక ఆడమనిషి తలకి కట్టుకున్న నీలం స్కార్ఫు ఉంది.

దేవ్ తల గోక్కున్నాడు. "ఒక ఫుట్ లెఫ్ట్‌కి జరిపితే? ఈవిడైనా మిగిలిపోయే గోడమీద ఉండిపోతుంది కదా, ఆంటీ."

"అక్కడ ఇనుముంది, బాబూ. దాన్ని కోస్తే పై అంతస్తు ఆగదు. నేనే పెట్టించాను."

ఎర్ర మార్కర్‌తో ఆవిడ పరంజా దిగుతూ పైనుంచి కిందికి గీశారు, నుదుటి మీదుగా, కోటు గుండీల మీదుగా, నేలదాకా. దేవ్ లెవెల్ పెట్టి చూసి, "పర్ఫెక్ట్, ఆంటీ," అనబోయి మధ్యలోనే ఆపేశాడు. ఆవిడ టేపు చుట్టి, రెండో గీతకి కొలవడం మొదలుపెట్టారు.