దిండంత పిడుదు

మా ఆవిడ ఆరోగ్యశాఖలో పని చేస్తుంది. బడి బడికీ తిరిగి దోమల గురించి, కుక్కల ఒంటిని పట్టుకుని రక్తం తాగే పిడుదుల గురించి, వాటివల్ల వచ్చే జబ్బుల గురించి పిల్లలకు చెప్పడం ఆమె ఉద్యోగం. పిల్లలంతా ఆమెను దోమల టీచర్ అంటారు. ఆ లెక్కన నేను దోమల టీచర్ మొగుణ్ణి. ఇంటి ముందుగదిలోనే నాకో దర్జీ కొట్టుందన్న సంగతి ఎవరికీ పట్టదు.

మా వంటింటి కిటికీలో ఎప్పుడూ ఒక గాజుసీసా ఉంటుంది. నీళ్ళలో దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతుంటాయి. బడిలో చూపించడానికని మా ఆవిడ సీసా మూతికి గుడ్డ కట్టి, వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటుంది. ఒకసారి మా అత్తగారు చూసి, "లోకమంతా దోమల్ని చంపుతుంటే నా కూతురు పెంచుతోందే!" అని బుగ్గలు నొక్కుకుంది.

ఈ ఏడు పిడుదుల పాఠానికి బొమ్మ కావాలంది మా ఆవిడ.

"వెనక బెంచీ వాళ్ళకి కూడా కనబడాలండీ."

ఆవిడ చెప్పాక తిరుగేముంది? ఎర్రగుడ్డ కత్తిరించి, దూది కూరి, ఎనిమిది కాళ్ళతో దిండంత పిడుదును కుట్టిచ్చాను.

క్లాసులో అది దుమ్ము రేపిందట. పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారట. పిడుదు కుక్కల్నీ పశువుల్నీ పట్టుకుంటుందనీ, మనుషుల్ని కుడితే జ్వరాలు రావచ్చనీ మా ఆవిడ చెప్పింది. దాన్ని ఎలా తీయాలో చెప్పబోయేసరికి బెల్లు కొట్టారు. ఆవిడ పద్ధతే అంత, ముందు భయం, తర్వాత ఉపాయం.

మర్నాడు సాయంత్రం ఆ క్లాసు పాప ఒకతి మా గుమ్మంలో నిలబడింది. చేతిలో తాడు, తాడు చివర గోధుమరంగు కుక్క. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్ళు వాచిపోయాయి.

"టీచర్, దీన్ని మీరే పెంచుకోండి. తమ్ముడికి జ్వరం వస్తుందని నాన్న వదిలేసి రమ్మన్నాడు. పిడుదులు దిండంత ఉంటాయని నేనే చెప్పాను టీచర్."

మా ఆవిడ తల దించుకుంది. నాతో వాదనకు దిగితే ఊపిరి కూడా తీసుకోని మనిషి! ఎగతాళి చేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు, కానీ నాకు మనసొప్పలేదు. జాలేసింది.

"సగం చెప్పి వదిలేశానండీ," అంది మెల్లగా.

సన్నటి పట్టకారు, గ్లవుజులు, స్పిరిట్ సీసా సంచిలో వేసుకుని పాపతో బయల్దేరింది. నేనూ కొట్టు షట్టరు దించి వెనకాలే నడిచాను.

పాప తండ్రి బస్సు డ్రైవరు. కుక్క తిరిగి రావడం చూసి మొహం మాడ్చుకున్నాడు.

"చంటివాడున్న ఇల్లు మేడమ్. నావల్ల కాదు."

"మీరు భయపడటంలో తప్పులేదు అన్నయ్యా. భయపెట్టేసి, ఏం చెయ్యాలో చెప్పకుండా వెళ్ళిపోయింది నేను. కాస్త లైటు పట్టండి."

కుక్క చెవి వెనక వెంట్రుకలు పాయ తీసింది. కందిగింజలో సగం ఉంది పిడుదు. పట్టకారును చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగి స్పిరిట్‌లో వేసింది.

"గోళ్ళతో నలపకూడదు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పశువుల డాక్టరు చేత మందు వేయించండి. రోజూ దీని ఒళ్ళు వెతకండి. బాబుని దీని పక్కన పడుకోనివ్వకండి."

డ్రైవరు సీసాలోకి తొంగి చూశాడు.

"ఇంతేనా? మా అమ్మాయి మాటలకి, బస్సుకి అడ్డంగా నిలబడే జంతువేమో అనుకున్నా! ఇటివ్వండి మేడమ్, ఆ చెవి నేను చూస్తా."

గ్లవుజులు తొడుక్కుని కూర్చున్నాడు. కాసేపటికే, "ఇదిగో, ఇంకోటి!" అని వీధంతా వినబడేలా అరిచాడు. కుక్క తాడు పట్టుకున్న పాప ఏడుస్తూనే నవ్వేసింది.

ఇప్పుడు మా ఆవిడ పాఠం పట్టకారుతో మొదలవుతుంది. జబ్బుల సంగతి ఆ తర్వాతే. బొమ్మ కూడా అసలు సైజులో కుట్టమంది. తెల్ల రుమాలు మీద నల్లదారంతో ఒక్క ముడి వేసిచ్చాను. దర్జీగా నేనింత సుఖపడిన రోజు లేదు. వెనక బెంచీ వాళ్ళే లేచి ముందుకొచ్చి చూస్తున్నారట.

పెద్ద పిడుదును పాప అడిగి పట్టుకెళ్ళింది. మొన్న అటు వెళ్తూ చూశాను. వాళ్ళ గుమ్మం పక్కన కుక్క దానిమీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.