నడుమ సందున్న తెరచాప

మా ఊరికి సముద్రం ఎంత దూరమో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా కారిమంగళం పక్క పల్లెలో రవికలు కుట్టే ఈ చేతులతో ఒక తెరచాప కుట్టాను. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం.

తమ్ముడు మద్రాసులో ఒక పెద్దమనిషి పందెం పడవలో పనిచేసేవాడు. గాలి వెనకనుంచి తోసేటప్పుడు బుడగలా పొంగే తెరచాప ఒకటి ఎత్తుతారట. ఆయన ఏదో విదేశీ పుస్తకంలో కొత్తరకం చూశాడు. దానికి నడుమ అడ్డంగా మూరెడు సందు. గాలి మరీ ఎక్కువైతే కొంత అందులోంచి పోతుంది, పడవ ఒరగదు. "మా అక్క కుడుతుంది సార్" అని వీడు కోతలు కోశాడు. పందెంలో అది నిలిస్తే వీడికి ఆ పడవలో పర్మనెంటు చోటు. లేకపోతే ఇంటికొచ్చి చింతపండు మూటలు మోయడమే.

పన్నెండు రోజులు కుట్టాను. చేతిలో నిలవని నైలాను, దయ్యం గుడ్డ! ఇల్లు చాలక వీధిలో పరిచి కొలిచాను. చివరి రోజు సందు అంచులు మడిచి కుడుతుంటే సూది విరిగింది. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది.

"ఏమే, నడుమ ఇదేమి బొక్క?"

"నీకేమి తెలుసు, పోమ్మా అట్ల!" అని కసిరాను. నా నోరు అలాంటిది.

మరునాడు తెరచాప తీసుకుపోవడానికి తమ్ముడు వచ్చాడు. నేను రవికలు ఇవ్వడానికి సంతకు పోయాను. తిరిగొచ్చేసరికి తమ్ముడు మొరప్పూరులో రైలెక్కేశాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ గొంతు తగ్గించింది.

"తప్పుగా కోసేసి నామీద అరిచినావు. కొత్తగుడ్డకు పసుపు పెట్టి కదా పంపల్ల? చినిగినదానికి యట్లా పెట్టేది? వాడు స్నేహితుల్ని చూడను పోయినప్పుడు మూసి కుట్టినాను. మడిచి సంచిలో పెట్టేసినాను. వానికి చెప్పలేదులే, నీ మర్యాద పోకూడదని."

అన్నం వదిలేసి ఫోను బూత్‌కు పరిగెత్తాను. పెద్దమనిషి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పొద్దున మళ్ళీ చేస్తే, అందరూ పందానికి పోయారని పనమ్మాయి చెప్పింది.

నాలుగో రోజు వాడు పెట్టెతో సహా వచ్చేశాడు. అమ్మ గుమ్మంలోనే అడిగింది.

"కుట్టు విడలేదు కదరా?"

ఆ చేతికుట్టు ఎవరిదో వాడికి తెలియదా!

"విడలేదుమ్మా. ఒక్క పోగు కూడా."

అమ్మ నావైపు గెలిచినట్టు చూసింది. వాణ్ణి పెరట్లోకి లాక్కుపోయి నిజం చెప్పమన్నాను.

"కుట్టు అట్లే ఉందక్కా. చుట్టూ గుడ్డ చినిగిపోయింది, పడవ తిరగబడింది. ఇంక రావద్దన్నారు. అమ్మకు చెప్పొద్దు."

సోమవారం నుంచి మూటలకు పోయాడు. అమ్మ ఇంకో ఐదేళ్ళు బతికింది. సముద్రం కూడా విప్పలేని కుట్టు తనదని వీధంతా చెప్పుకునేది, వాడు పక్కన కూర్చుని ఊఁ కొట్టేవాడు. "గాలి పోయేదానికి వదిలినానమ్మా." మూడు మాటలు. ఆ రోజు నెమ్మదిగా చెప్పి ఉంటే సరిపోయేది. పాడు నోరు, చెప్పలేదు.